ఆకుపచ్చ ముద్ర

కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసే ఆ ఆస్పత్రిలో, కిటికీ వెనక కూర్చుని చీటీలు రాసే ఆవిడని అందరూ చీటీలమ్మ అనే పిలిచేవారు. పందొమ్మిదేళ్లుగా అదే కుర్చీ. వరస తప్పి ముందుకొచ్చినవాడు ఎంత గొప్పవాడైనా సరే, ఆవిడ కళ్లజోడు పైనుంచి ఒక్క చూపు చూస్తే తోక ముడిచి వెనక్కి వెళ్లాల్సిందే. వాడి కుక్క అయితే అప్పటికే ముడిచి ఉండేది.

ఆవిడకో పద్ధతి ఉంది. మళ్లీ రమ్మన్న జంతువు మూడు రోజులు దాటినా రాకపోతే, దాని కార్డు మీద ‘నయమైంది’ అని ఆకుపచ్చ ముద్ర కొట్టి పెట్టెలో పడేసేది. అంతకుముందున్న గుమాస్తా నేర్పిన పద్ధతే. “తగ్గకపోతే పరిగెత్తుకుంటూ రారూ?” అనేవాడాయన. వినడానికి ఎంత సబబుగా ఉందో! ముద్రలు పెరిగేకొద్దీ డాక్టరుగారికీ సంతోషం, ఈవిడకీ సంతోషం. రానివాళ్లని ఎందుకు రాలేదని అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం, ఆగిపోయిన చేతి గడియారం పట్టుకుని, వాచీలు బాగుచేసే పెద్దాయన కొట్టుకి వెళ్లింది. ముందు వారమే ఆయన తన కుక్కని ఆస్పత్రికి తెచ్చాడు. పిడుదుల జ్వరం. వరసగా అయిదు రోజులు ఇంజెక్షన్లు పడాలన్నారు డాక్టరుగారు. ఒక్కటి వేయించుకుని మళ్లీ రాలేదు. ఆ కార్డు మీద నిన్ననే ముద్ర పడింది.

“ఏం బాబాయిగారూ, మీవాడు మళ్లీ గెంతులు మొదలెట్టాడా?” అంటూ లోపల అడుగుపెట్టింది.

ఆయన కంటికున్న భూతద్దం తీశాడు. బల్ల కిందికి చూపించాడు.

చీటీలమ్మ వంగి చూసింది. గోనెసంచి మీద, డొక్కలు లోపలికి పోయి పడి ఉంది. జ్వరంలో కూడా కిటికీ మీదకి కాళ్లు వేసి తన కళ్లజోడు నాకిన కుక్క ఇదేనా? చెయ్యి చాపితే తల ఎత్తలేదు. తోక చివర ఒక్కసారి కదిలింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టున్నాయి.

“మళ్లీ తీసుకురాలేదేం?” అంది.

“ఎలా తెచ్చేదమ్మా? మొదటిరోజు మా అల్లుడు కారులో దింపాడు. మర్నాడు వాడు ఊరెళ్లిపోయాడు. బస్సు ఎక్కనివ్వరు. ఆటోవాళ్లు దీన్ని చూసి ఆపకుండా పోతున్నారు. మోద్దామంటే ముప్పై కిలోల మనిషి.” “రాకపోతే మీరే కబురు చేస్తారనుకున్నా. చెయ్యలేదు. ఇక లాభం లేదని తెలిసే వదిలేశారనుకున్నానమ్మా.”

నిన్న సరిగ్గా ఈ వేళకి ఆవిడ ముద్ర కొట్టింది. కొట్టి, టీ తాగింది.

అక్కడినుంచే ఫోన్ చేసింది. “డాక్టరుగారూ, మందుల సంచి తీసుకుని మీరే రావాలి.”

“ఇళ్లకెళ్లి వైద్యం చేసే ఆనవాయితీ మనకి లేదు కదమ్మా?”

“లేదండీ. చావబోయేదాన్ని నయమైందని రాసే ఆనవాయితీ మాత్రం ఉంది. నేనే రాశాను. రండి!”

ఆయన స్కూటర్ మీద వచ్చాడు. వరసగా అయిదు రోజులు వచ్చాడు. నాలుగో రోజున కుక్క లేచి నిలబడి, మందుల సంచి వాసన చూసి, భయపడి మళ్లీ బల్ల కిందికి దూరింది. పెద్దాయన నవ్వుతూనే ఏడ్చేశాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం, రాలేనివాళ్ల ఇళ్లకి ఆ స్కూటర్ వెళ్తోంది. వెనక సీటు మీద కార్డులు పట్టుకుని చీటీలమ్మ కూర్చుంటుంది. ఎవరైనా మెచ్చుకోబోతే విసుక్కుంటుంది. ఆవిడకి గుర్తుండేది వేరే.

కుక్క లేచి నిలబడిన రోజే ఆవిడ పెట్టె మూత తీసింది. అన్నీ ఆకుపచ్చ ముద్రలే. వీటిలో ఎన్ని నిజం? పైనున్న కార్డు తీసి ఫోన్ చేసింది.

“ఆస్పత్రి నుంచండీ. మీ పిల్లి మళ్లీ రాలేదు, ఎలా ఉందో కనుక్కుందామని...”



“పోయిందమ్మా, పోయిన నెల. నాకు మంచం దిగే ఓపిక లేక తీసుకురాలేకపోయాను,” అంది ఒక ముసలి గొంతు. “అయినా గుర్తుపెట్టుకుని అడిగారు చూడండి, అదే పదివేలు.”

కార్డు మీద ముద్ర ఎదురుగానే ఉంది. నిజం చెప్పడానికి చీటీలమ్మ నోరు తెరిచింది. మాట రాకముందే అవతలి ముసలావిడ, “చల్లగా ఉండమ్మా,” అని ఫోన్ పెట్టేసింది.