మెట్ల మీద కూర్చున్న భాగ్య వదిన

ఈత టోపీ జుట్టుకు పట్టేయకుండా లోపల కొద్దిగా పౌడరు చల్లుతారు. ఈ వేసవిలో మా అమ్మాయి పిల్లల ఈత జట్టులో చేరింది. మొదటి రోజు బట్టలు మార్చుకునే గదిలో దాని జుట్టు ముడివేసి, రబ్బరు టోపీలో పౌడరు చల్లి తలకు తొడుగుతుంటే, ఆ పౌడరు వాసన, తడి సిమెంటు వాసన, క్లోరిన్ వాసన ఒక్కటిగా కలిసి ముక్కుకు తగిలాయి. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. "మమ్మీ, జల్దీ కర్‌నా" అని అది తొందరపెట్టింది. తన తల పట్టుకుని నిలబడ్డ మనిషి ఆ క్షణాన పదేళ్ల పిల్లగా మారి, భాగ్య వదిన రెండు చేతుల మధ్య తలపెట్టి నిలబడి ఉందని దానికేం తెలుసు.

మేము సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చిన నేతవాళ్లం. బాపు పవర్‌లూమ్ కార్ఖానాలో రాత్రి పాళీ చేసేవాడు. అమ్మ ఇంట్లోనే మిషను మీద చీరలకు లేసులు కుట్టేది. డిండోలి అనే పేటలో మేమున్నది వరుసగా కట్టిన గదుల్లో ఒకటి. గదులన్నిటి ముందూ ఒకటే పొడుగాటి వరండా. పక్క గదిలో లచ్చవ్వ పెద్దమ్మ, ఆమె కొడుకు రమేశన్న ఉండేవాళ్లు. రక్తసంబంధం ఏమీ లేదు, ఊరివాళ్లం కాబట్టి వరుసలు కలుపుకున్నాం. రమేశన్న పెళ్లి చేసుకుని తీసుకొచ్చిన మనిషి భాగ్య వదిన. సన్నగా, పొడుగ్గా ఉండేది. పెద్దమ్మ ముందు తలెత్తి మాట్లాడేది కాదు గానీ, వరండా దాటితే ఆమె నోటికి అడ్డే ఉండేది కాదు. నోరంటే గట్టి నోరని కాదు. ఎవరినైనా, ఏదైనా, మెత్తగా, సూటిగా అడిగేసేది.

ఆమె వచ్చిన కొత్తలో జరిగిన ఒక సంగతి గల్లీలో చాలాకాలం చెప్పుకున్నారు. నీళ్ల ట్యాంకరు ఎప్పుడూ గల్లీ మొదట్లోనే ఆగేది. చివరి గదులవాళ్లం బిందెలు మోసుకుంటూ అంతదూరం నడిచేవాళ్లం. ఒక పొద్దున వదిన డ్రైవరు దగ్గరికి వెళ్లి, తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో, ఇంకాస్త లోపలికి తెస్తావా అన్నా అని అడిగింది. అతను ఒకసారి గల్లీలోకి తొంగిచూసి, ట్యాంకరును వెనక్కి తిప్పి మా గదుల ముందుకే తెచ్చాడు. అమ్మ ఆశ్చర్యపోతే, "ఇన్నేండ్లల్ల ఎవలన్న అడిగిండ్రా అత్తమ్మా ఆయన్ను?" అంది వదిన. అడిగిన ప్రతిసారీ పని జరిగేదని కాదు. సామాను ఇంటికి పంపుతావా అని కిరాణా కొట్టాయన్ని అడిగితే, కుదరదని ముఖం మీదే చెప్పాడు. ఆమె మూట నెత్తిన పెట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది. "లేదన్నడు, గంతే. నా నెత్తేమన్న పలిగిందా?"

నాకు పదేళ్లప్పుడు, వేసవి సెలవుల్లో మా బడి గేటుకు ఒక కాగితం అంటించారు. ఉధనా వైపున్న మున్సిపాలిటీ కొలనులో పిల్లల కోసం ఈత జట్టు పెడుతున్నారు. పతకాలూ పెద్ద పోటీలూ ఏమీ లేవు, నెల రోజులు సరదాగా నేర్పి, చివర్లో పిల్లలకు చిన్న పందేలు పెడతారు. మా వరండాలో నా ఈడు ఆడపిల్లలం నలుగురం ఉన్నాం. నలుగురికీ వెళ్లాలని ఉంది, నలుగురిలో ఒక్కరికీ ఇంట్లో అడిగే ధైర్యం లేదు. పిల్ల నల్లబడుతుందని ఒక అమ్మ, ఆ బట్టలు వేసుకుంటే నలుగురూ ఏమంటారని ఇంకో అమ్మ ముందే అనేశారు. మేము బావురుమంటూ వదిన దగ్గర చేరాం. ఆమె చేతికంటిన పిండి కడుక్కుని, కొంగు నెత్తిమీదికి లాక్కుని, ముందుగా మా గుమ్మానికే వచ్చింది.

బాపు అప్పుడే పాళీ నుంచి వచ్చి వరండాలో పళ్లు తోముకుంటున్నాడు. జుట్టులో ఇంకా తెల్లటి దారపు నూగు ఉంది. నా వైపు చూపిస్తూ, స్వప్నను ఈతకు పంపుతారా మామా అని వదిన అడిగింది. ఆడపిల్లకు ఈతెందుకన్నాడు బాపు.

"ఊళ్లె తాపి నది ఉన్నది, గల్లీ ఎనుకనే కాల్వున్నది. ఆడపిల్లని జూసి నీళ్లు ఆగుతయా మామా?"

బాపు నోరు పుక్కిలించి చెంబు పక్కన పెట్టాడు. తర్వాత, ఎవరు తీసుకుపోతారన్నాడు. "నేను తోల్కపోత, నేనే తోల్కొస్త" అంది వదిన. అంతే. మిగిలిన మూడు గుమ్మాల్లోనూ అదే మాట చెప్పి వచ్చింది. అమ్మ మార్కెట్ నుంచి తెచ్చిన సాగే గుడ్డ ముక్కలతో మా నలుగురికీ మోకాళ్ల దాకా ఉండే ఈత బట్టలు కుట్టింది. ఒక్కొక్కరిది ఒక్కో రంగు. నాది నేరేడు పండు రంగు.

కొలను దగ్గరికి వెళ్లేసరికి పిల్లల బ్యాచి నిండిపోయిందన్నారు. నేర్పే సారు గుజరాతీ ఆయన, మెడలో విజిల్ వేసుకున్న పెద్దాయన. వదిన ఆయన ముందు నిలబడి, లోతు లేని వైపు ఒక మూల ఈ పిల్లలకిస్తే చాలు సాబ్ అని అడిగింది. ఆయన మా రంగురంగుల బట్టలు చూసి నవ్వాపుకోలేక సరేనన్నాడు. అలా మేము జట్టులో చేరాం. ఆ రోజు నుంచి మాకు టోపీలు తొడగడం, జుట్టు లోపలికి తోయడం, సంచులు కాయడం వదిన పని. మేము నీళ్లలో దిగాక ఆమె సిమెంటు మెట్ల మీద కూర్చుని చూసేది.

మిగతా ముగ్గురూ రెండు మూడు రోజుల్లోనే కాళ్లు కొట్టడం నేర్చుకున్నారు. నేను మాత్రం గట్టున ఉన్న ఇనుప కడ్డీ వదిలేదాన్ని కాదు. ముఖం నీళ్లలో పెట్టగానే ఊపిరి ఆగిపోతున్నట్టు ఉండేది. సారు విజిల్ ఊదేవాడు, నేను ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని. ఒకరోజు ఏడుస్తూ మెట్ల దగ్గరికి వచ్చి, నాకు భయమవుతోందని సారుకు చెప్పు వదినా అన్నాను. అందరి కోసం అడిగే మనిషి కదా, నా కోసమూ లేచి వెళుతుందనుకున్నాను. ఆమె లేవలేదు. నా ముఖం కొంగుతో తుడిచింది.

"భయం నీది, స్వప్నా. నేను జెప్తె నా మాటైతది. జర నువ్వే పోయి అడుగు. ఏం గావాల్నో అది అడుగు."

నాకు ఆమె మీద చాలా కోపం వచ్చింది. ఆ కోపంలోనే తడి కాళ్లతో గట్టు చుట్టూ నడిచి సారు దగ్గరికి వెళ్లి, నాకు భయంగా ఉంది, నేను కడ్డీ వదిలేటప్పుడు మీరు పక్కన నిలబడతారా అని హిందీలో అడిగాను. ఆయన విజిల్ తీసి జేబులో పెట్టుకుని, నీళ్లలో దిగి నా పక్కన నిలబడ్డాడు. ఆ సాయంత్రమే కడ్డీ వదిలాను. ఈదానని చెప్పను, తేలాను. మెట్ల మీద వదిన చప్పట్లేమీ కొట్టలేదు, తువ్వాలు విప్పి పట్టుకుని ఎదురుచూస్తూ కూర్చుంది.

భయం పోయాకే నాకు చుట్టూ చూసే తీరిక దొరికింది. అప్పుడు గమనించాను. మేము చేతులు ఆడిస్తుంటే వదిన చేతులు ఒళ్లో ఉన్న సంచుల మీద అలాగే కదిలేవి. ఎవరూ చూడనప్పుడు అడుగు మెట్టు మీదికి జరిగి పాదాలు నీళ్లలో పెట్టేది. ఇంటికి వెళ్లే ముందు చీర అంచు పిండుకునేది. నీకు ఈత వచ్చా అని అడిగితే, ఆమె చిన్నపిల్లలా నవ్వింది. వాళ్ల ఊళ్లో వ్యవసాయ బావి ఉండేదట. మొదట నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టుకుని, తర్వాత అదీ లేకుండా, అన్నదమ్ములతో పోటీపడి గట్టు మీది నుంచి దూకేదట. పెద్దమనిషి అయిన రోజు నుంచి వాళ్లమ్మ బావి దగ్గరికి వెళ్లనివ్వలేదు.

మా తర్వాత ఇక్కడ ఆడవాళ్ల బ్యాచి ఉంటుంది కదా, నువ్వూ దిగొచ్చు కదా, పెద్దమ్మను అడుగు అన్నాను. ఆమె ముఖంలో నవ్వు పోయింది. సంచి తాడు మెలిపెట్టింది.

"నా కోసం ఎట్ల అడుగుత పిల్లా. నోరు రాదు."

ట్యాంకరు డ్రైవరును అడిగిన మనిషి, మా బాపును అడిగిన మనిషి ఆ మాట అనడం నాకు అర్థం కాలేదు. పదేళ్ల పిల్లకు అర్థం కానిది చాలా ఉంటుంది, అందుకే భయపడాల్సిన చోట భయపడదు. మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మ వరండాలో కూర్చుని చీరల దారపు కొసలు కత్తిరిస్తుంటే వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. భాగ్య వదినకు ఈత వచ్చు పెద్దమ్మా, మాతో పాటు వచ్చినప్పుడు తనూ ఈదితే ఏమవుతుంది అన్నాను. పెద్దమ్మ కత్తెర ఆగలేదు.

"అది నీతోని అడగమన్నదా?"

"లేదు. నేనే అడుగుతున్న."

పెద్దమ్మ ఇంకో చీర అందుకుంది. ఆ సాయంత్రం మేము సంచులతో బయల్దేరితే వదిన గుమ్మంలోనే నిలబడిపోయింది. కొంగు దోపుకుని బయటికొచ్చింది పెద్దమ్మ. ఇవాళ్టి నుంచి పిల్లలను నేనే తీసుకుపోతాను, నువ్వు ఇంట్లో ఉండు అని కోడలికి చెప్పింది. వదిన నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఉన్న మెట్లు కూడా ఆమెకు లేకుండా చేశానని దారంతా ఏడుపు దిగమింగుకున్నాను. పెద్దమ్మ కొలను దగ్గర వదిన కూర్చునే చోటే కూర్చుంది. మా ఈత అయిపోయినా లేవలేదు. ఆడవాళ్ల బ్యాచి మొదలైంది. ఎవరెవరు వస్తున్నారు, ఏం వేసుకున్నారు, గేటు దగ్గర ఎవరుంటారు, మగవాళ్లు బయటికి వెళ్లారా లేదా, అన్నీ చూసింది. ఒకావిడను పిలిచి హిందీలో ఏవో అడిగింది కూడా. మర్నాడూ అంతే. మేము ఇళ్లకు వెళ్లాక వదిన మాతో మాట్లాడటానికి బయటికి రాలేదు.

మూడో రోజు పెద్దమ్మ కోడల్ని కూడా వెంటబెట్టుకుని బయల్దేరింది. చేతిలో ఒక పాత సల్వారు జత ఉంది. మా అమ్మ దగ్గర రహస్యంగా బిగుతు కుట్టించిందని తర్వాత తెలిసింది. మా ఈత అయ్యాక ఆ బట్టలు వదిన చేతిలో పెట్టింది.

"నా ఇంటికొచ్చి ఇన్నొద్దులాయె. ఈతొస్తదని ఒక్కనాడు జెప్పకపోతివి."

"మీరు అడగలే అత్తమ్మా" అంది వదిన, నేల చూస్తూ. "నేను జెప్పలే."

"ఇప్పుడు అడుగుతున్న గదా. దిగు. సూస్త."

వదిన మెట్లు దిగిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. మొదట మోకాళ్ల దాకా, తర్వాత నడుము దాకా, ఆగి, ఒకసారి చన్నీళ్లు ముఖం మీద చల్లుకుని, ముందుకు వాలింది. సారు మాకు నేర్పిన ఈత కాదది. తల పైకెత్తి, ఒక పక్కకు ఒరిగి, పొడుగాటి చేత్తో నీళ్లను వెనక్కి తోసేస్తూ, చప్పుడు చేస్తూ వెళ్లే బావి ఈత. రెండుసార్లు అటూ ఇటూ వెళ్లి, మూడోసారి మునిగింది. పైకి రాలేదు. ఇంకా రాలేదు. పెద్దమ్మ లేచి నిలబడి, "భాగ్యా" అని పిలిచింది. అప్పటిదాకా ఆమె కోడల్ని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. అంతలో కొలను అవతలి కొసన తల తేలింది. జుట్టు ముడి ఊడి భుజాల మీద పరుచుకుంది. గట్టు పట్టుకుని రొప్పుతూ, మా వైపు చూసి నోరంతా తెరిచి నవ్వింది. ఆమె అలా నవ్వగలదని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. పెద్దమ్మ మళ్లీ కూర్చుని, ఎండ కళ్లలో పడుతోందని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎండ అప్పటికే గోడ దాటిపోయింది.

ఆ నెల చివర్లో పందేలు జరిగాయి. నేను కొలను అడ్డంగా ఈది చివరినుంచి రెండో దాన్ని అయ్యాను. అందరికీ బిస్కెట్ పొట్లాలు పంచారు. వదిన ఆ వేసవంతా ఆడవాళ్ల బ్యాచిలో ఈదింది. సంచులు కాయడం పెద్దమ్మ పని అయింది. తర్వాత కొన్నేళ్లకు రమేశన్న పనిచేసే కార్ఖానా మూతపడి వాళ్లు ఉన్ అనే శివారు పేటకు వెళ్లారు, అక్కడి నుంచి సిరిసిల్లకే తిరిగి వెళ్లిపోయారు. పెద్దమ్మ పోయినప్పుడు నేను వెళ్లాను. వదిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అత్త గురించి ఒక్క మాటే చెప్పింది. "మా అమ్మ గూడ నన్ను బాయి కాడికి పోనియ్యలే, స్వప్నా. అత్తమ్మ పంపింది."

ఇంటర్ అయ్యాక నేను చదువుకుంటానని బాపును నేనే అడిగాను, భయపడుతూనే అడిగాను. అది వదిన పెట్టిన భిక్ష. కానీ ఆ వేసవి నుంచి నాతో వచ్చిన దాంట్లో అది సగమే, రెండో సగం పెద్దమ్మది. ఇప్పుడు రింగ్ రోడ్‌లో ఒక చీరల హోల్‌సేల్ దుకాణంలో మడత పనిచేసే ఆడవాళ్లందరినీ చూసుకునే బాధ్యత నాది. వాళ్లలో ఒకావిడ ఉంది, ఒడిశా నుంచి వచ్చింది. ఒకరికి ఒంట్లో బాగాలేదని, ఇంకొకరికి బిడ్డ పరీక్షలని, అందరి తరఫునా నా దగ్గరికి వచ్చి అడుగుతుంది. తన కోసం ఏనాడూ అడగలేదు. ఆ మధ్య ఆమె పక్కన వెళ్లి కూర్చుని, నీకేం కావాలి అని అడిగాను. ఏమీ వద్దంది. మర్నాడూ అడిగాను. తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాతి రోజు మళ్లీ అడిగితే, చీర మడత ఆపకుండానే, అన్నం తిన్నాక కాసేపు నడుము వాల్చాలని ఉంటుంది దీదీ అంది. వెనక గదిలో చీరల మూటలు కొంచెం పక్కకు జరిపి చాప వేశాం. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఆమె అక్కడ పడుకుంటుంది. ఆ కాసేపు మేము గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం.