నజ్మాలో వెనక బల్ల

ఇక్కడ ఖతర్‌లో మా బడిలో లెక్కలు చెప్పే ఒలేనాది ఉక్రెయిన్. టీ తాగేటప్పుడల్లా వాళ్ళ ముత్తాత సంగతే. పల్లెటూరి పంతులట. ఊళ్ళో పఠన సంఘం పెట్టి రైతులకు చదువు చెప్పాడట, నాటకాలు ఆడించాడట, పాటల బృందం నడిపాడట. ఎవరైనా మొదటిసారి అందరి ముందూ పత్రిక చదువుతుంటే, తాను వెనక బల్ల మీదికి పోయి నోరు మూసుకుని కూర్చునేవాడట. వినీ వినీ నాకు రోషం వచ్చింది. "మాకు మాత్రం లేరా? శుక్రవారం దోహాలో నజ్మా పేటకు రా, చూపిస్తా" అనేశాను.

మేముండే అల్ వక్రాలో మూడు గంటలకు మెట్రో ఎక్కాం. టికెట్టు రెండు రియాళ్ళు, అరగంటలోపే ముషైరిబ్ స్టేషన్. అక్కడి నుంచి నజ్మాకు టాక్సీ పన్నెండు రియాళ్ళయింది. ఎండలో నడుస్తామని పంతం పట్టకండి, నేనొకసారి పట్టి బుద్ధి తెచ్చుకున్నాను. సందు మొదట్లో మనవాళ్ళ హోటల్లో చాయ్ తాగాం. వంట చేసే మల్లయ్య ఒలేనాను చూసి "మేడమ్ గూడ తెలుగు నేర్సుకుంటదా?" అన్నాడు. మీ పంతుల్ని చూడ్డానికి వచ్చిందని చెప్పాను. "గట్లయితే చాయ్ నాది" అని పైసలు తీసుకోలేదు.

పంతులంటే యూసుఫ్ భాయ్, నిజామాబాద్ దర్జీ. తన కుట్టు దుకాణం వెనక గదిలో సైటు పనివాళ్ళకు ప్రతి శుక్రవారం తెలుగు చదవడం, రాయడం నేర్పుతాడు. ఎన్నో ఏళ్ళుగా, ఉచితంగా.

ఆ రోజు అందరి ముందూ చదివే వంతు గంగారాంది. జగిత్యాల దగ్గరి ఊరు, సైటులో ఇనుప కడ్డీలు కట్టే పని. నెల కిందట ఊరి మనిషి చేతికిచ్చి కూతురు ఉత్తరం పంపింది. "నువ్వే చదవాలె నాయినా, ఎవ్వలతోని చదివియ్యొద్దు" అని ఫోన్లో ఒట్టేయించుకుంది. అందుకే నెల నుంచీ కవరు చింపలేదు. ఇవాళ అందరి ముందూ చింపాడు.

"నా... యి..."

"నాయినా!" యూసుఫ్ భాయ్ అందించేశాడు.

గంగారాం మొహం చిన్నబోయింది. "భాయ్, ఒట్టు తప్పుతది."

మళ్ళీ మొదలుపెట్టాడు, ఈయన మళ్ళీ అందించాడు. పాపం, నోరాగదు. నాకు ఉండబట్టలేదు. ఒలేనా ముత్తాత సంగతి చెప్పేశాను.

"అచ్ఛా? గంత పెద్ద పంతులే ఊకున్నడా?" యూసుఫ్ భాయ్ లేచి వెనక బల్ల మీద ఒలేనా పక్కన కూర్చుని, రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

గంగారాంకు పావుగంట పట్టింది. ఒత్తు వచ్చిన చోటల్లా ఆగి, చెమట తుడుచుకుని, మళ్ళీ పట్టుకున్నాడు. "నాయినా, నువ్వు దుబాయ్ పోయినప్పుడు నాకు అక్షరాలు రావు. ఇప్పుడు నాకొచ్చినయ్, నీకూ వచ్చినయ్. ఇగ నువ్వు రాయి, నేను చదువుత."

గదంతా చప్పట్లు. గంగారాం నవ్వాడు. "దుబాయ్ గాదు బిడ్డా" అంటూ బోర్డు దగ్గరికి పోయి, పెద్ద అక్షరాలతో "ఖతర్" అని రాశాడు. "గిట్లనేనా భాయ్?" అని వెనక్కి తిరిగాడు. యూసుఫ్ భాయ్ రుమాలు అప్పటికే నోటి మీది నుంచి కళ్ళ మీదికి చేరింది.

తిరుగు రైల్లో ఒలేనా "మా ముత్తాత ఉంటే ఇవాళ ఆ బల్ల మీదే కూర్చునేవాడు" అంది. ఆ మాటకు నాకెంత గర్వం కలిగిందో దాచుకోను. దోహాలో చూడాల్సినవి చాలానే ఉన్నాయి. మా ఇంటికొచ్చే చుట్టాలకు మాత్రం ఇకమీదట ముందు ఆ గదే చూపిస్తాను. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మీరూ వెళ్ళండి. ఒక్కటే జాగ్రత్త: ఎవరైనా ఒత్తు దగ్గర ఆగితే అందించకండి. వెనక బల్ల మీద చోటుంది, కూర్చోండి.