మామగారిని దారిలో దింపేసిన మేకు

నేను మా మామగారిని నడిరోడ్డు మీద వదిలేసి రైసుమిల్లుకి వెళ్ళిపోయేనని మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. వదిలెయ్యలేదండి, ఊడిపోయేరు.

సెల్‌ఫోన్లు ఇంకా మా వైపు రాని రోజులు. ముమ్మిడివరం దగ్గర మా ఊరు. సెకండ్‌హ్యాండ్ ట్రాక్టరొకటి కొన్నాను. ట్రాక్టరుకీ వెనకాల ట్రక్కుకీ కలిపి ఒక పెద్ద పిన్ను దింపుతారు కదా, అది కుదుపులకి పైకి లేచిపోకుండా అడుగున చిన్న లాకు పిన్ను పెడతారు. మాది ఎక్కడో పడిపోయింది. మామగారూ నేనూ అమలాపురంలో స్పేర్‌పార్ట్స్ షాపుకెళ్ళేం. షాపాయన రెండు రకాలు చూపించేరు.

"ఇది ఉత్తి కమ్మీ వంచిందండి, జారిపోద్ది. ఇది స్ప్రింగు రింగుదండి. చేత్తో తీస్తేగానీ రాదు."

"ఆయ్, అదే ఇవ్వండి" అన్నారు మామగారు.

అంత చిన్న ముక్కకి ఇంత ఆలోచనేంటని నాకనిపించింది. "ఇంటిదగ్గర మేకుందండి, వంచి పెడితే సరిపోద్ది" అని ఆయన్ని బయటికి తీసుకొచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే ఆ మేకే వంచి పెట్టి, ధాన్యం బస్తాలేసుకుని మిల్లుకి బయల్దేరేం. మామగారు ట్రక్కులో బస్తాల మీద కూర్చున్నారు. నేను ముందుకి చూస్తూ, ఇంజను చప్పుడు మీద అరుచుకుంటూ, రొయ్యల చెరువు తవ్విద్దామని నచ్చచెప్తున్నాను. ఆ మాటెత్తితే చాలు, వద్దనేవారు. ఆవేళ కాలవ వంతెన దాటేక ఒక్కమాట అడ్డు చెప్పలేదు. ఒప్పుకున్నారనుకున్నాను. బండి కూడా ఉన్నట్టుండి తేలిగ్గా లాగేస్తోంది. ఈమధ్యే ఇంజను బాగుచేసిన కొత్త మెకానిక్కు చెయ్యి మంచిదని మురిసిపోయేను.

మిల్లులో కాటా ఎక్కించి ఆపేను. గుమాస్తా బయటికొచ్చి బండి వెనక్కి ఓసారి చూసేడు.

"ఏం తూచమంటారండీ?"

"ధాన్యమండి."

"ఎక్కడుందండీ?"

వెనక్కి తిరిగితే ట్రక్కు లేదు. వంతెన దగ్గర ఊడితే కాలవలో పడ్డారేమో! బండి తిప్పి, ఆ దారంతా దేవుళ్ళకి మొక్కుకుంటూ వచ్చేను.

వంతెన దిగేచోట ట్రక్కు ముక్కు నేలకి ఆనించి నిలబడిపోయి ఉంది. మామగారు పక్కనే ఓ బస్తా దింపించుకుని, దాని మీద కూర్చుని, ఎవరో తెచ్చిచ్చిన టీ తాగుతున్నారు.

"దెబ్బలేమైనా తగిలేయా మామయ్యగారూ?"

"లేదండి అల్లుడుగారూ" అన్నారు నిదానంగా. "చాలాసేపు కేకలేశాను. మీరు చేతులూపుకుంటూ ఎవరికో ఏదో చెప్తూ వెళ్ళిపోతున్నారు. మధ్యలో కదిలించడం ఎందుకని ఊరుకున్నాను."

ఆ సాయంత్రమే వెళ్ళి స్ప్రింగు పిన్ను తెచ్చి బిగించేను. అయినా నమ్మకం కుదరలేదు. మర్నాడు ఖాళీ ట్రక్కుతో వెళ్తూ, ఉందా ఊడిందా అని నిమిషానికోసారి వెనక్కి చూసుకుంటూ నడిపేను. అలా వెనక్కి చూస్తూనే మలుపు దగ్గర ట్రాక్టరుని పొలాలకి నీళ్ళెళ్ళే పంటబోదెలోకి దింపేశాను.

పిన్ను మాత్రం చాలా గట్టిదండి. ట్రక్కు కూడా నాతోపాటే దిగింది.