ఢిల్లీ వీధిలో గోంగూర

వినుకొండలో మా పక్కిల్లు దర్జీ సాయిబుగారిది. వాళ్ళింట్లో అందరూ తెలుగే మాట్లాడేవారు. ఆయన మాత్రం చిన్నప్పుడు హైదరాబాదులో చదివి ఉర్దూ నేర్చుకున్నారు. పత్తి వ్యాపారం మీద అక్కడ కొన్నాళ్ళున్న మా నాన్నకూ ఆ భాష అబ్బింది. సాయంత్రం కుట్టుమిషను ఆగగానే ఇద్దరూ వాళ్ళ అరుగు మీద చేరేవారు. ఆయన ఉర్దూ కథ పైకి చదివితే నాన్న వినేవాడు.

సాయిబుగారి అమ్మాయిది నా ఈడే. అది దర్జాగా అరుగు మీద కూర్చునేది. నన్ను మాత్రం మా అమ్మ మిరపకాయల తొడాలు తియ్యమని కూర్చోబెట్టేది.

"నిన్న కూడా మీ నాన్న ఏడ్చాడే," అని మర్నాడు అది ఊరించేది.

నాకు ఒళ్ళు మండిపోయేది. మా నాన్న ఇంట్లో నవ్వి ఎరగడు, ఏడ్చి ఎరగడు. అన్నం తిని పడుకునేవాడు. ఆయన కన్నీళ్ళు చూసే భాగ్యం దానికా! కుళ్ళే, కాదంటానా?

"ఆ కథేందో చెప్పవే," అని బతిమాలాను. మామిడి తాండ్ర చేతిలో పెడితే గానీ నోరు విప్పలేదు.

"ఢిల్లీలో ఒక వీధంట. సాయిబులూ హిందువులూ గోడకి గోడ ఆనుకుని ఉంటారంట. రంజానుకి వీళ్ళు గిన్నెతో సేమ్యా పంపిస్తారంట. ఉత్త గిన్నె తిరిగివ్వకూడదుగా, పక్కింటావిడ గోంగూర పచ్చడి పెట్టి పంపిద్దంట."

"ఢిల్లీలో గోంగూర ఎక్కడిదే, దొంగమొహమా!"

అది కిసుక్కున నవ్వింది. "నాకు మాత్రం ఉర్దూ వచ్చా ఏంది? వాళ్ళు చదువుకుంటంటే నేను మీ నాన్న మొహం చూస్తా కూర్చుంటా."

అది విన్నాక మంట ఇంకా ఎక్కువైంది. అన్నాల దగ్గర నాన్ననే అడిగాను.

"దేశం రెండు ముక్కలయ్యాక ఆ వీధి వాళ్ళు తలో దిక్కూ పోయారమ్మా," అన్నాడు తలెత్తకుండా.

ఆ మాట దానికి చెప్పాను. "పోవడమెందుకే? మనం పోయామా?" అంది.

కొన్నాళ్ళకు సాయిబుగారు దుకాణం గుంటూరుకు మార్చారు. బండి కట్టేసరికి వాళ్ళ గిన్నె మా ఇంట్లోనే ఉంది. అమ్మ దాన్నిండా గోంగూర పచ్చడి పెట్టి పరుగున తెచ్చిచ్చింది. బండి కదిలింది. నాన్న అటే తిరిగి నిలబడ్డాడు. భుజాలు అదురుతున్నాయి. నేను ముందుకు ఉరికి చూసేలోపే కండువాతో మొహం తుడిచేసుకున్నాడు.

బండిలోంచి అది మాత్రం చూస్తూనే ఉంది.