ఆ ఏడు పుస్తకాలు

యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది పాకాలలో చిత్తూరు బండి ఎక్కాను. ఎదురుగా ఒక పెద్దావిడ ఒళ్లో బైబిలు పెట్టుకుని కూర్చుంది. ఆమె భర్త ప్రొటెస్టెంటు మిషనులో ఉపదేశి. ముప్ఫై ఏళ్లు ఊళ్లు తిరిగి వాక్యం చెప్పి, ఆర్నెల్ల కిందట పోయాడట. ఇప్పుడామె చిత్తూరులో చెల్లెలి ఇంటికి వెళ్తోంది. ఆ చెల్లెలిని రోమను కతోలికుల ఇంటికి ఇచ్చారు.

"సచ్చిపోయినోళ్ల కోసరం ప్రార్థన సేయొచ్చని వాళ్ల బైబిల్లో ఉండాదంట నాయనా. వాళ్ల గుళ్లో పాదిరి సామి సదివి సెప్తాడంట. అది ఇనేదానికే పోతాండా."

క్రైస్తవులందరికీ ఒకటే బైబిలని నేను అనుకునేవాణ్ణి. "మీ దాంట్లో లేదా అమ్మా?" అన్నాను.

"లేదు. వాళ్ల దాంట్లో ఏడు పుస్తకాలు ఎక్కువ. అవి దేవుని మాటలు కావని మా ఆయన ఊరూరా సెప్పినాడు. దీనికోసరం మా సెల్లెలి మొగుడితో పదేండ్లు మాట్లాడలేదు. నేనడిగితే, సచ్చినోళ్ల సంగతి దేవుడు సూసుకుంటాడు, నువ్వు నోరు మూసుకో అనేవాడు మా ఆయన. ఆర్నెల్లు మూసుకోనే ఉండా. నిద్ర పట్టలేదు."

"ఆయనే ఉంటే ఇప్పుడు ఒప్పుకునేవారా?"

"ఆయనా! నన్ను బండిలో నుంచి దించేసుండేవాడు," అని నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

చిత్తూరు వచ్చింది. ఆమె బైబిలును తువ్వాలులో జాగ్రత్తగా చుట్టింది.

"అక్కడి బైబిలు వినడానికి వెళ్తూ ఈ బరువెందుకమ్మా?"

"ఇది ఆయనది నాయనా. సామి సదివేటప్పుడు పక్కన పెట్టుకుంటా. ఒక్కసారి ఆయన గూడా ఇననీ."