నీళ్ళ మీద తవుడు చార

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ప్రత్తిపాడు దగ్గర మా మిరప కళ్ళం శ్మశానానికి ఆనుకునే ఉండేది. కాయ ఆరినన్నాళ్ళూ కాపలాకి అక్కడే పడుకునేవాణ్ణి. నన్ను భయపెట్టింది పత్తిలో పచ్చపురుగు ఒక్కటే. ఇది చదివి ఎవరైనా నవ్వితే ఏమీ అనుకోను. ఇంకొకరు చెబితే నేనూ నవ్వేవాణ్ణి.

తొంభైల చివర్లో పత్తి వేసి చిత్తయిన వాళ్ళలో నేనొకణ్ణి. ఆ మరుసటి ఏడే జ్వరంతో మా ఆవిడ సీతమ్మ పోయింది. పిల్లలు లేరు. గేదెను అమ్మేశాను. ఇంట్లో నేనూ, నా వంటా మిగిలాం. మా ఇద్దరికీ పడదు.

చీరాల వైపు తీరంలో పోలయ్య అని చేపల వేటకు పోయే స్నేహితుడున్నాడు. ఏటా నా ఎండుమిరపకాయలకు అతని ఎండుచేపలు మార్చుకునేవాళ్ళం. వరస కలిపి బావా అనేవాడు. గోడలు చూస్తూ కూచునే కంటే నాలుగు రోజులు నీళ్ళు చూద్దువు రమ్మని, ఆ చలికాలం తన పడవలో తీసుకుపోయాడు.

అది సూరచేపల కాలం. ట్యూనా అంటారే, అవి. వాటి కోసం ఒడ్డు కనపడనంత లోపలికి పోవాలి. అక్కడ ఇంజను ఆపి, కవళ్ళనే చిన్న చేపల్ని సన్నగా కోసి కొద్దికొద్దిగా నీళ్ళలో వేస్తూ ఉండాలి. నీటివాలుకి ఆ ముక్కలు చారలా సాగిపోతాయి. ఎక్కడో లోతున ఉన్న చేప ఆ వాసన పట్టుకుని, చార వెంట పడవ దాకా వచ్చేస్తుంది. దాని కడుపు నింపకూడదు, ఆశ చావనివ్వకూడదు. చార తెగిందా, చేప పోయినట్టే. విత్తనాలు అమ్మేవాళ్ళు ఈ విద్యను నా మీదే ఏళ్ళ తరబడి సాధన చేశారు కాబట్టి తొందరగానే పట్టుబడింది.

ఎర ఎక్కువసేపు రావాలని నేను గేదెకు పెట్టగా ఇంట్లో మిగిలిన తవుడూ, పత్తిచెక్క పొడీ మూటకట్టి తెచ్చి ఆ ముక్కల్లో కలిపాను. రైతు బుద్ధి.

“అవి సూరచేపలనుకున్నావా, పాడిగేదెలనుకున్నావా బావా?” అని పోలయ్య పడీపడీ నవ్వాడు.

వాళ్ళకొక ఆచారం ఉంది. మొదటి పిడికెడు ఎర వేసేవాడు, ఇంటి దగ్గర తన కోసం ఎదురుచూసే మనిషి పేరు చెప్పి వేయాలి. పిడికిలి చాపి ఎంత ఆలోచించినా నాకు ఎవరూ తట్టలేదు. అలవాటైన పేరే నోట్లోంచి వచ్చేసింది. “సీతమ్మ” అన్నాను.

పోలయ్య నవ్వు ఆగిపోయింది. పోయినవాళ్ళను నీళ్ళ మీద పేరు పెట్టి పిలవకూడదట. ముందే చెప్పనందుకు తనను తనే తిట్టుకున్నాడు.

చేపలు వచ్చాయి. కొన్నిటిని పట్టాం కూడా. పొద్దెక్కాక ఉన్నట్టుండి మంచు కమ్మింది. సూర్యుడు ఎటున్నాడో తెలియలేదు, గాలి పడిపోయింది. ఆ పడవలో దిక్సూచి అంటే పోలయ్య తలకాయే, ఇప్పుడు అదీ పనిచేయడం మానేసింది. మిగిలిన డీజిలు ఒడ్డు చేరడానికే బొటాబొటీ. ఏదో ఒక దిక్కు ఎంచుకోవాలి. అది తప్పయితే ఇక నడిసముద్రమే. పోలయ్య తోచిన వైపు పడవ తిప్పాడు.

అప్పుడు కనపడింది, నీళ్ళ మీద లేతపసుపు రంగులో సన్నటి చార. పొద్దున మనం వేసిందేలెమ్మన్నాడు పోలయ్య. వంగి చేత్తో తీశాను. అందులో చేపముక్క ఒక్కటీ లేదు. తవుడూ పత్తిచెక్కా కలిపి వేళ్ళతో నొక్కిన చిన్న ముద్దలు. వాసన చూస్తే బెల్లం.

సాయంత్రం పూట దూడ కొట్టంలోకి రానని మొరాయిస్తే మా ఆవిడ అలాంటి ముద్దలే చేసి, వాకిట్లోంచి కొట్టం దాకా ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోయేది. నేను తెచ్చిన మూటలో బెల్లం లేదు. పైగా నీళ్ళలో పడ్డ తవుడు ముద్ద ఇట్టే చెదిరిపోవాలి. ఇవి చెదరలేదు.

ఆ చార మేం పోతున్న దిక్కుకు సరిగ్గా వ్యతిరేకంగా సాగుతోంది.

“దాని వెంట పోకూడదు బావా. పిలిచావు, వచ్చింది. లోపలికి లాక్కుపోద్ది” అన్నాడు పోలయ్య. “నీ మీద కోపంతో ఏమన్నా పోయిందా ఆయమ్మ?” అని అడిగాడు.

“కోపమొస్తే నోటితోనే తిట్టేది. బెల్లం పెట్టేది కాదు” అన్నాను.

పోలయ్య నా మొహంలోకి చూశాడు. అతనికి ఇంటి దగ్గర భార్యా, చిన్నపిల్లలూ ఉన్నారు. దిక్కు తప్పితే పోగొట్టుకునేది నాకంటే అతనికే ఎక్కువ. చార వైపు చుక్కాని తిప్పాడు.

చార ఎక్కడా తెగలేదు. డీజిలు అయిపోయి ఇంజను దగ్గి ఆగేసరికి అలలు విరుగుతున్న చప్పుడు వినపడింది. మిగతా దూరం తెడ్లు వేశాం. మంచులోంచి సరుగుడు చెట్లు బయటపడ్డాయి.

మేం వేసిన తవుడే అలా కొట్టుకొచ్చి ఉంటుందని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ ఆ రోజు నీటివాలు ఒడ్డు నుంచి లోపలికి ఉందంటాడు పోలయ్య. బెల్లం సంగతి ఎత్తితే మాట మార్చేస్తాడు. ఇన్నేళ్ళయినా అదేమిటో నాకు తెలియలేదు.

ఎర వేసిన మనిషి చారకు అవతలి కొసన ఉండాలి కదా. పడవ ఇసుకకు తగలగానే దిగి, మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, మంచు విడిపోయేదాకా ఒడ్డంతా వెతికాను. పోలయ్య పెళ్ళాం పిల్లలు అతని కోసం పరిగెత్తుకుంటూ వచ్చారు. ఒడ్డున ఇంకెవరూ లేరు.

ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరికి వచ్చి, నా ఇంటి తాళం నేనే తీసుకున్నాను.