బస్తా బరువు

పాత కాగితాలూ సీసాలూ ఇనప సామానూ కొనే దుకాణం ఆయనది. పొద్దుగూకులూ తూకం పళ్లెం ముందే కూర్చుంటాడు కాబట్టి వీధిలో అందరికీ ఆయన కాటా మావయ్య. భార్య ఒక్కతే ‘ఏవండీ’ అంటుంది. కోపమొస్తే మాత్రం ఆవిడకీ ‘కాటాగారే’.

ఎనిమిదేళ్ల కిందట ఒక గోనెసంచి విప్పితే, పాత పత్రికల మధ్య జానెడు కుక్కపిల్ల నిద్రపోతూ కనిపించింది. సంచి దులిపినా లేవలేదు. బస్తా అని పేరు పెట్టారు. ఏ వేళ పెట్టారో గానీ, అది అక్షరాలా బస్తా అయి కూర్చుంది. దుకాణానికి ఉన్నవి మూడే మెట్లు. మూడోది ఎక్కేసరికి కొలిమితిత్తిలా రొప్పేది.

కాటా మావయ్య భయపడి దాన్ని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ పళ్లు చూసింది, చెవులు చూసింది, బొచ్చు పాయలు తీసి గోమార్ల కోసం వెతికింది. చివరికి తూచింది.

“రోగమేం లేదండీ, అంతా కొవ్వే. ఇరవై కిలోలుండాలి, ఇరవై ఎనిమిదుంది. ఇలాగే వదిలేస్తే కీళ్లు పోతాయి.”

“మీ కాటా సరైందేనా డాక్టరమ్మా?”

ఆవిడ గుమ్మంలో ఉన్న మేకని లోపలికి తెమ్మంది. కాటా మావయ్య తిన్నగా దుకాణానికొచ్చి, ఇనుము తూచే పెద్ద కాటా మీద బస్తాని నిలబెట్టాడు. ఇరవై ఎనిమిదిన్నర! డాక్టరమ్మ మొహమాటపడి తగ్గించి చెప్పినట్టుంది.

మర్నాటినుంచి రాజ్యం మారిపోయింది. తిండి రెండు పూటలే, అదీ తూచి. చిరుతిళ్లు బంద్. గిన్నెలో నీళ్లు ఎప్పటికప్పుడు తాజాగా. పొద్దున్నే మైలు నడక. బస్తా పేచీ పెట్టలేదు, మొరగలేదు. ఆ మంచితనం చూసి ఆయనకి కళ్లు చెమర్చాయి.

పది రోజుల తరవాత తూస్తే ఇరవై తొమ్మిది.

ఆయన మెల్లగా తలెత్తి భార్య వంక చూశాడు.

“నన్నెందుకలా చూస్తారు కాటాగారూ? ఒక్క మెతుకు పెడితే ఒట్టు! దాని మొహం చూస్తే మనసాగదని గోడకేసి తిరిగి తింటున్నా. మెడ పట్టేసింది!”

ఆ మధ్యాహ్నం బస్తా పెరటి గేటు తోసుకుని బయటికి నడిచింది. కాటా మావయ్య మొహానికి పేపరడ్డం పెట్టుకుని వెనకే నడిచాడు.

దర్జీ కొట్టు నాలుగడుగుల దూరంలో ఉందనగా బస్తా ఆగింది. కుడి ముందుకాలు పైకెత్తింది. కుంటుకుంటూ వెళ్లి గుమ్మంలో నిలబడింది.

“వచ్చావా నా తండ్రీ! కాలింకా తగ్గలేదూ?” అంటూ దర్జీ ఉడికిన గుడ్డు ఒలిచి పెట్టాడు.

మలుపు తిరగ్గానే కాలు బాగైపోయింది. టైపు నేర్పే టీచరమ్మ ఇంటి ముందు మళ్లీ కుంటు, ఈసారి ఎడమ వెనక కాలు. ఆరు బిస్కెట్లు గిట్టాయి. కాటా మావయ్య తెరిచిన నోరు మూయలేదు.

మూడోది నీలం గేటిల్లు. అక్కడ కుంటడం దాకా ఎందుకనుకుందో ఏమో, ఏకంగా గుమ్మంలో పడి మూలిగింది. ఒక పెద్దావిడ వెన్న రాసిన రొట్టె పట్టుకుని పరుగున వచ్చింది.

“అయ్యో నా బంగారూ! నిన్ను పెంచేవాడెవడో గానీ, తిండి పెట్టని వాడి చేతులు పడిపోను!”

ఆయనకిక ఆగలేదు. పేపరు విసిరేసి ముందుకొచ్చాడు. “ఆ చేతులు ఇవేనమ్మా!”

పెద్దావిడ కెవ్వుమంది. బస్తా నాలుగు కాళ్ల మీదా దిగ్గున లేచి తోకాడించింది. కేక విని లోపల్నించి కూతురు బయటికొచ్చింది. చూస్తే డాక్టరమ్మే!

“అమ్మా! ఆ లావు కుక్క గురించి నీకు చెప్పలా? ఇదే!”

“నువ్వు చెప్పింది లావు కుక్క. ఇది దిక్కులేని బక్కప్రాణి.”

ముగ్గురూ బస్తా వంక చూశారు. అది వెల్లకిలా పడుకుని, మద్దెలంత పొట్ట ఆకాశానికి చూపిస్తోంది.

“అది లావు కాదే,” అంది పెద్దావిడ పట్టు వదలకుండా. “నీరసానికి ఒళ్లు వాచింది.”

దుకాణంలో అట్టలకి కరువా? ఆ సాయంత్రమే ఒక అట్టముక్క బస్తా మెడలో వేలాడింది: ‘నా పేరు బస్తా. నాకు ఇల్లుంది. భోజనమైంది. కుంఠడం నటన.’ దర్జీ చదువుకుని, ఒలిచిన గుడ్డు తనే తినేశాడు. టీచరమ్మ ఎర్ర పెన్నుతో ‘కుంఠడం’ని ‘కుంటడం’గా దిద్ది పంపించింది.

కానీ పెట్టిన చెయ్యి ఊరుకుంటుందా? బస్తా వస్తే ఏం చెయ్యాలో తోచక అందరూ విలవిల్లాడారు. డాక్టరమ్మే దారి చూపించింది: “ప్రేమ ఆపుకోలేకపోతే తిండి పెట్టకండి, నడిపించండి.” పొద్దున కాటా మావయ్య, మధ్యాహ్నం టీచరమ్మ, సాయంత్రం పెద్దావిడ. తనకి మోకాళ్ల నొప్పులని ఆవిడ మొదట్లో గునిసింది. నెల తిరక్కుండా బస్తా కంటే ముందే గేటు దగ్గర నిలబడటం మొదలెట్టింది.

మూడు నెలలకి బస్తా ఇరవై ఒకటికి దిగింది. మూడు మెట్లూ ఒక్క గెంతే. కాటా మావయ్యకీ ఆరు కిలోలు తగ్గాయి. ఒకరోజు బస్తా పిల్లిని చూసి పరుగందుకుంటే, ఆయన ఒక చేత్తో గొలుసూ మరో చేత్తో జారుతున్న పంట్లామూ పట్టుకుని వీధంతా ఉరికాడు.

“ఆ పంట్లాం ఇచ్చెళ్లు మావయ్యా, గంటలో నడుం బిగించి ఇస్తా!” అని కొట్లోంచి దర్జీ కేకేశాడు.

“ఆ గంటసేపూ నేనేం తొడుక్కోవాలయ్యా?” అని అరుస్తూనే ఆయన మలుపు తిరిగిపోయాడు.